పంపిన పంక్తి

గుంటూరు సీమలో కాలువ గట్టున ఒక పల్లె కలదు. తంతి కార్యాలయమున ముప్పదేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధుడొకడు ఆ పల్లెలో నివసించుచుండెను. యౌవనమున ఆయన బల్లమీది మీటను నొక్కుచు, ఎదుటి పెట్టెనుండి వెలువడు టకటక ధ్వనులను చెవితో విని, వానిని అక్షరములుగా మార్చి కాగితముపై వ్రాసెడివాడు. ఒకరి పెండ్లి, ఒకరి పరీక్షాఫలితము, ఒకరి మరణము, అన్నియు ఆయన చేతిమీదుగనే నడచినవి. 2013వ సంవత్సరము జూలై నెలలో మన దేశమున తంతివార్తల సేవ ముగిసినది. నాడు ఆయన ఆ సంగతిని పత్రికలో చదివి, పత్రికను మడిచి ప్రక్కన బెట్టి, చాలసేపు మాటలాడక కూర్చుండెను.

ఒక యేడు దసరా సెలవులకు ఆయన మనుమడు హైదరాబాదునుండి వచ్చెను. అతడు ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు శాస్త్రము చదువుచున్న విద్యార్థి. ఆ పల్లెలో సెల్లుఫోను సిగ్నలు మిక్కిలి బలహీనము. అతని ఫోనులో బొమ్మలు సగము తెఱచుకొని నిలిచిపోవుచుండెను, వీడియోలు కదలకుండెను. రెండుదినములు విసుగుతో గడపి, మూడవనాటి రాత్రి అతడు తన పాత ల్యాప్‌టాపును తెఱచి, తెరనంతయు నల్లగా జేసి, దానిపై తెల్లని అక్షరములతో ఏమో వ్రాయ నారంభించెను. బొమ్మ లేదు, రంగు లేదు. ఆరుచు వెలుగుచు నుండు కర్సరు మాత్రమే కలదు. అతడొక పంక్తి వ్రాసి మీట నొక్కగనే అది తెరపైకి జేరును. కొంతసేపటికి మఱియెవరిదో పంక్తి దాని క్రింద ప్రత్యక్షమగును.

మంచముమీది వృద్ధుడు తలయెత్తి చూచెను.

“నాయనా, ఎవరితో మాటలాడుచున్నావు?”

“ఎవరో సరిగా తెలియదు తాతయ్యా. ఒకరు పోలండు దేశమువారు, మఱొకరు బ్రెజిలు దేశమువారు. తక్కినవారు ఏ దేశమువారో వారు చెప్పలేదు, నేనడుగలేదు.”

“ముఖములు కానరావా?”

“కానరావు. గొంతును వినబడదు. పేరును మాటయు మాత్రమే కనబడును.”

వృద్ధుని కన్నులు మెఱసెను. “ఐనచో ఇది మా తంతియే! నా కుర్చీ ఇటు జరుపుము,” అని ఆయన మంచము దిగి వచ్చెను.

మనుమడు తాతగారికి ఆ యంత్రమర్మమును విప్పి చెప్పసాగెను. కంప్యూటరుచేత పని చేయించుటకు రెండు త్రోవలు గలవు. తెరపై బొమ్మలను చూచుచు, వానిని వ్రేలితోనో మౌసుతోనో తాకి పని జరిపించుట ఒకటి. కావలసినదానిని మాటలలో వ్రాసి ఆజ్ఞాపించుట రెండవది. మొదటి త్రోవలో యంత్రము చూపినవానిలో నుండి మనుష్యుడు ఏరుకొనును. రెండవ త్రోవలో తనకేమి కావలెనో మనుష్యుడే ముందుగా నిశ్చయించుకొని చెప్పవలెను. ఈ రెండవదానికే కమాండ్ లైన్ అని పేరు. బొమ్మల భారము లేనందున ఈ త్రోవ మిక్కిలి తేలికయైనది. ఆంగ్లాక్షరమొక్కటి వ్రాయుటకు పట్టు చోటును బైటు అందురు. ఒక ఛాయాచిత్రమును పంపుటకు లక్షలకొలది బైట్లు కావలసియుండును. ఈ సంభాషణలో ఒక పంక్తి 512 బైట్లను మించరాదని నియమము. కావుననే పెద్దమూటలు మోయలేని ఆ పల్లె సిగ్నలు ఈ చిన్నచీటీలను తడబడక మోయుచుండెను.

“ఈ సంభాషణకు పేరేమి?” అని వృద్ధుడడిగెను.

“ఇంటర్నెట్ రిలే చాట్. పొడి అక్షరములలో ఐ.ఆర్.సి. అందురు. దీనిలో మాటలాడుటకు అనేక ప్రోగ్రాములు గలవు. నేను వాడునది ఇర్సి. దీనిని ఫిన్లాండు దేశీయుడగు టిమో సిరైనెన్ 1999లో వెలువరించెను.”

ఇర్సిలో ఆజ్ఞలన్నియు వాలుగీతతో ఆరంభమగును. వాలుగీత పెట్టి ‘జాయిన్’ అని వ్రాసి, గది పేరు చెప్పినచో ఆ గదిలో ప్రవేశము లభించును. గదిని ఛానల్ అందురు. ‘నిక్’ అనునది తాను పెట్టుకొన్న పేరును తెలుపు ఆజ్ఞ. ‘ఎమ్మెస్జీ’ అనునది ఒక్కరితో ఏకాంతముగ మాటలాడుటకు. ‘అవే’ అనునది తాను కొంతసేపు దగ్గఱ లేనని తెలుపుటకు. ‘క్విట్’ అనునది సెలవు తీసికొనుటకు. వాలుగీత లేక వ్రాసినదంతయు గదిలోని వారందఱికిని జేరును. నడుమనడుమ సర్వరు, అనగా సందేశములను అందుకొని పంచిపెట్టు కంప్యూటరు, ‘పింగ్’ అని పలుకరించును. మన ప్రోగ్రాము వెంటనే ‘పాంగ్’ అని బదులీయవలెను. కొంతకాలము బదులు రానిచో మనము లేమని నిశ్చయించి సర్వరు మన పేరును తొలగించును.

“ఉన్నావా యని అడుగుట, ఉన్నానని పలుకుట! ఎంత చక్కని యేర్పాటు!” అని వృద్ధుడు సంతోషించెను. పిమ్మట కొంచెము ఆలోచించి, “తప్పు వ్రాసి పంపినచో ఏమగును?” అని ప్రశ్నించెను.

“వెనుకకు రాదు తాతయ్యా. ఫోనులో పంపిన సందేశమును తుడిచివేయుటకు నేడు వీలున్నది. ఇచ్చట ఆ వీలు లేదు. మీట నొక్కినంతనే అది గదిలోని యందఱి తెరలపై అచ్చుపడినట్లే.”

“మీటమీది వ్రేలిని వెనుకకు తీసికొనవచ్చును గాని, పోయిన చప్పుడును వెనుకకు తీసికొనలేము. మాకును అంతే,” అని వృద్ధుడనెను.

తెరమీద అక్షరములతో మాటలాడు పద్ధతి ఐ.ఆర్.సి.తో పుట్టినది కాదు. అమెరికా దేశమున బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్స్ అను కంప్యూటరు వ్యవస్థను నిర్మించిరి. 1971లో వెలువడిన దాని మొదటి వివరణ పుస్తకముననే ‘రైట్’ అను ఆజ్ఞ కలదు. ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడుకొను దినములవి. ఆ ఆజ్ఞ వ్రాసి, ఎదుటివాని పేరు చెప్పి, మాటను పంపినచో అది అతని యెదుటి యంత్రముపై కనబడెడిది. 1979 నాటి ఏడవ కూర్పు పుస్తకములో ఆ యాజ్ఞను వివరించుచు దాని మర్యాదను గూడ తెలిపిరి. ముందుగా పలుకరించి, ఎదుటివాడు బదులు పలుకువఱకు వేచియుండవలెను. తన మాట ముగిసినపుడు కుండలీకరణములలో ‘ఓ’ అను ఆంగ్లాక్షరము నుంచి, ఇక నీ వంతు అని తెలుపవలెను. సంభాషణమే ముగియునపుడు రెండు ‘ఓ’లుంచి సెలవు తీసికొనవలెను. ‘మెస్గ్’ అను మఱొక యాజ్ఞతో, ఇప్పుడు నాతో మాటలాడవలదని తలుపు మూసికొనుటకును వీలుండెను. యంత్రమును గూర్చిన పుస్తకమున మర్యాదాపాఠము చేరుట వింతగా దోచును గాని, అది వింత కాదు. ముఖము కనబడని చోట చిఱునవ్వు లేదు, చేసైగ లేదు, కంఠస్వరము లేదు. అవి చేయు పనియంతయు మాటయే చేయవలెను.

ఇక ఐ.ఆర్.సి. కథ. ఫిన్లాండు దేశమున బోత్నియా సింధుశాఖ తీరమున ఔలు అను పట్టణము కలదు. 1988వ సంవత్సరము వేసవిలో అచ్చటి విశ్వవిద్యాలయమున యార్కో ఓయికారినెన్ అను యువకుడు ఒక శాఖయొక్క సర్వరును చూచుకొనుచుండెను. ఆ పని యతని కాలమునంతయు తీసికొనలేదు. తీఱిక సమయమున అతడు, అచ్చటివారు వాడుచున్న పాత సంభాషణ ప్రోగ్రామునకు బదులుగ నొక క్రొత్తదానిని నిర్మింప దలచెను. ఆగస్టు నెల చివరకు అది రూపుదాల్చెను. మొదట దానిని వాడినవారు ఔలులోని కొలదిమంది మాత్రమే. పిమ్మట అది ఫిన్లాండులోని యితర విశ్వవిద్యాలయములకును, అటనుండి అమెరికాకును వ్యాపించెను. 1989 నడిమికి ప్రపంచమున సుమారు 40 సర్వర్లు దానిని నడపుచుండెను.

ఈ సర్వర్లు చెట్టుకొమ్మలవలె ఒకదానికొకటి అతుకబడి యుండును. ఒక కొమ్మన పుట్టిన మాట మ్రానుగుండ ప్రయాణించి తక్కిన కొమ్మలకు జేరును. నడుమ నెచ్చటనైన అతుకు తెగినచో ఇటువారు ఇటును, అటువారు అటును మిగిలిపోవుదురు. ఒకే గదిలో నున్నవారు హఠాత్తుగా రెండు గదులవారగుదురు. అతుకు మఱల కుదిరినంతనే మాయమైన పేర్లన్నియు ఒక్కమాఱుగా తిరిగివచ్చును. ఈ సంగతి వినునపుడు వృద్ధునికి తుపాను దినములు జ్ఞప్తికి వచ్చెను. గాలివానకు స్తంభములు కూలి తంతి తెగినపుడు పెట్టె మూగవోయెడిది. తెగిన తీగె నతికి, ఆవలి యూరినుండి మొదటి చప్పుడు వినబడినపుడు కార్యాలయములోని వారందఱును లేచి నిలువబడెడివారట.

1993వ సంవత్సరము మే నెలలో ఓయికారినెన్, డారెన్ రీడ్ అనువారు ఐ.ఆర్.సి. నియమములను ఒక పత్రముగా వ్రాసి లోకమునకు వెల్లడించిరి. ఆ పత్రము సంఖ్య 1459. దానిని ఎవరైనను చదువవచ్చును. చదివి క్రొత్త ప్రోగ్రామును వ్రాయవచ్చును. తన సొంత సర్వరును నిలుపవచ్చును. ఇది స్వల్పవిషయము గాదు. 2021 మే నెలలో ఫ్రీనోడ్ అను పెద్ద ఐ.ఆర్.సి. వలయమున యాజమాన్య విషయమై తగవు పుట్టెను. దానిని నడపుచున్న స్వచ్ఛందసేవకులు పెక్కుమంది వైదొలగి లిబెరా చాట్ అను వేఱొక వలయమును నెలకొల్పిరి. అనేక ఛానళ్లు కొలదివారములలోనే అచ్చటికి తరలిపోయెను. నియమము లందఱివియు గనుక, ఇల్లు మాఱినను ఎవ్వరును మాటలాడుట క్రొత్తగా నేర్వ నక్కఱలేకపోయెను.

“ఇదంతయు బాగుగనే యున్నది. దీనివలన లోకమున కెన్నడైన మేలు కలిగినదా?” అని వృద్ధుడు ప్రశ్నించెను.

మనుమడు 1991వ సంవత్సరపు కథ చెప్పెను. ఆ యేడు ఆగస్టు 19వ తేదీన మాస్కో నగరమున సోవియట్ నాయకుడగు గోర్బచేవును తొలగించి అధికారమును చేజిక్కించుకొనుటకు కొందఱు పెద్దలు ప్రయత్నించిరి. వీథులలోనికి యుద్ధశకటములు వచ్చెను. పత్రికలపై కట్టడి విధించిరి. ఆ మూడుదినములు కంప్యూటరు తీగెలగుండ వార్తలు వెలుపలికి ప్రవహించెను. ఐ.ఆర్.సి. గదులలో గుమిగూడినవారు తమకు దెలిసినదానిని పంక్తిపంక్తిగ నితరులకు అందించిరి. 21వ తేదీకి ఆ ప్రయత్నము విఫలమయ్యెను. నాటి సంభాషణములలో కొన్ని భద్రపఱుపబడి నేటికిని చదువుటకు లభించుచున్నవి.

వృద్ధుడు ఈ కథను శ్రద్ధతో విని, “అట్టి దినములలో విన్నది వేఱు, చూచినది వేఱు. పంక్తి వ్రాసినవాడు ఆ రెంటిని వేఱుపఱచి చెప్పవలెను. తంతిలో అంకెలు వచ్చినపుడు మేము తప్పక తిరిగి చెప్పించుకొనువారము. ఒక్క అంకె తప్పినచో ఒక సంసారమే తలక్రిందులు కావచ్చును,” అనెను. మనుమడు దానికి తల యూపెను గాని, ఆ మాట బరువు అతనికి అప్పుడు తెలియలేదు.

వృద్ధునికి మఱొక సందేహము మిగిలియుండెను. “దీనిలో తెలుగు వ్రాయవచ్చునా?”

ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు మనుమడు మఱల ఫిన్లాండుకు పోవలసివచ్చెను. ఐ.ఆర్.సి. నియమములలో చిత్రమైన దొకటి కలదు. పేర్లలో పెద్దబడి అక్షరమును చిన్నబడి అక్షరమును ఒకటిగ నెంచునట్లే, చదరపు కుండలీకరణమును మీసముల కుండలీకరణమును గూడ ఒకటిగ నెంచవలెనట. ఆ కాలపు ఫిన్లాండు కంప్యూటర్లలో వారి భాషకు ప్రత్యేకమైన యక్షరములు ఆ గుర్తుల స్థానములలో నుండుటయే దీనికి కారణము. కనిపెట్టినవాని లిపి ఆ యంత్రముపై తన వ్రేలిముద్రను వదలిపోయినది. తెలుగువారికి అట్టి యదృష్టము వెంటనే కలుగలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున గల తెలుగువారు తెలుగు మాటలను ఆంగ్లాక్షరములతో వ్రాయుట కొక పద్ధతి నేర్పఱచిరి. విదేశములందలి తెలుగువారు ఆ పద్ధతిలో పద్యములు సైతము వ్రాసికొనిరి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగు లిపికి స్థానము లభించెను. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు యూటీఎఫ్-8 అను అమరికను కల్పించిరి. దానివలన తెలుగక్షరములును ఈ పాత తీగెలగుండ సాగిపోవుటకు వీలు కలిగెను.

“ఐనచో చిక్కు లేదన్నమాట.”

“రెండు చిక్కులు గలవు తాతయ్యా. ఈ నల్లని తెరపై అక్షరమక్షరమునకు సమానమైన గడి యుండును. మన ఒత్తులును గుడులును ఆ గడులలో ఇముడక అప్పుడప్పుడు చెదరిపోవును. రెండవది, తెలుగున ఒక్కొక్క సంకేతమునకు మూడేసి బైట్లు పట్టును. ‘తెలుగు’ అను మాటలో హల్లులు మూడు, వానిపై చేరిన స్వరముల గుర్తులు మూడు, వెరసి ఆఱు సంకేతములు. కావున పదునెనిమిది బైట్లు.”

వృద్ధుడు మనస్సులో లెక్క వేసెను. “512ను మూటితో భాగింపగా నూటడెబ్బది. ఒక పంక్తికి నూటడెబ్బదికి లోపుననే తెలుగు సంకేతములు. మాకు తంతివార్తలో మాటకింత యని రుసుముండెడిది. జనులు కార్యాలయపు గోడ కానుకొని, ఏ మాట తీసివేయవలెనా, ఏ మాట ఉంచవలెనా యని ఆలోచించెడివారు. ‘వెంటనే రమ్ము’ అను రెండుమాటలకు ఒక గడియ పట్టెడిది. మీకు రుసుము లేకున్నను కొలత మిగిలియున్నది. మంచిదే.”

మఱునాటి రాత్రి అదే తెర, అదే కుర్చీ. మనుమడున్న గది యూనిక్స్ వంటి వ్యవస్థలను నేర్చుకొనువారికై యేర్పడినది. పనినేర్చినవారు అచ్చట కూర్చుండి, నేర్చుకొనువారి సందేహములు తీర్తురు. ఆ రాత్రి ఎన్నడును కనబడని పేరు గలవాడొకడు ప్రవేశించి, తప్పులతడకగ నున్న యాంగ్లమున ఒక ప్రశ్న యడిగెను. కమాండ్ లైనులో తానిప్పుడు ఏ ఫోల్డరులో నున్నాడో తెలిసికొనుట ఎట్లు? ఇది బడిలో అక్షరాభ్యాసము వంటి ప్రశ్న. దానికి మూడక్షరముల యాజ్ఞ యొకటి చెప్పిన చాలును. మనుమడు నవ్వి, చకచక వ్రాసి మీట నొక్కెను: ముందు నీవే లోకమున నున్నావో తెలిసికొని రమ్ము.

గదిలో ఇద్దఱు ముగ్గురు నవ్వు గుర్తులు పంపిరి. క్రొత్తవాడు కొంతసేపు ఏమియు వ్రాయలేదు. పిమ్మట ‘క్షమింపుడు’ అని ఒక్కమాట వ్రాసెను. దాని క్రింద, ఆ పేరుగలవాడు వెడలిపోయెనని సర్వరు ఒక పంక్తి చూపెను.

“ఏమి జరిగినది?” అని వృద్ధుడడిగెను. మనుమడు నవ్వుచునే చెప్పెను. వృద్ధుడు నవ్వలేదు. దీపము వైపు చూచుచు కొంతసేపు కూర్చుండి, మెల్లగ నిట్లు చెప్పెను.

“నేను ఉద్యోగమున జేరిన మొదటి నెల అది. ఒక రాత్రి పెద్దకార్యాలయమునుండి వరుసగా వార్తలు వచ్చుచుండెను. పంపువాడు పండినచేయి గలవాడు. వాని వేగమును నా చెవి యందుకొనలేకపోయెను. ఒకమాఱు ఆపి, మఱల పంపుమంటిని. రెండవమాఱును తప్పిపోయెను. మూడవమాఱు అడుగుటకు నాకు చేయి రాలేదు. ఉద్యోగము పోవుననియే తలచితిని. ఆవలివాడు నేనడుగకయే గ్రహించెను. మూడవమాఱు పిల్లవానికి పలకమీద దిద్దించినట్లు ఒక్కొక్క యక్షరమును నిదానముగ పంపెను. ఆ నెలంతయు నేను కూర్చున్న రాత్రులలో వాడట్లే పంపెను. వాని పేరు నాకు తెలియదు. ముఖము చూడలేదు. కాని వాని చేయి నాకు తెలియును. నేటికిని ఆ చప్పుడు చెవిలో నున్నది. ఆ రాత్రి వాడు నన్ను హేళనచేసి యుండినచో, మఱల ఆ మీటను ముట్టియుండను.”

మనుమని ముఖము వాడెను. అతడు తెరవైపు తిరిగి, వాలుగీత పెట్టి, ‘ఎమ్మెస్జీ’ అని, వెడలిపోయినవాని పేరు వ్రాసి, తప్పు నాది, దయచేసి తిరిగి రమ్ము అని వ్రాసి పంపెను. సర్వరు వెంటనే బదులిచ్చెను: అట్టి పేరుగలవారు లేరు.

ఆ సంభాషణలో లేనివారికొఱకు మాటను దాచియుంచు అలవాటు సర్వరునకు లేదు. ఉన్నవారికి మాత్రమే అది వినిపించును. పేరును నమోదు చేసికొన్నవారికి చీటీ వదలిపోవు సదుపాయము కొన్ని వలయములలో గలదు గాని, క్రొత్తవాడు తన పేరును నమోదు చేసికొనలేదు. హేళన గదిలోని యందఱికిని క్షణములో జేరినది. క్షమాపణము చేరవలసిన ఒక్కనికి చేరలేదు.

మనుమడు ఆ రాత్రి చాలసేపు మేల్కొనియుండెను. మఱునాడును, ఆ మఱునాడును అదే వేళకు తెరను తెఱచి ఆ పేరు కొఱకు వేచెను. పింగ్ అని సర్వరు పిలుచుచుండెను. పాంగ్ అని యంత్రము పలుకుచుండెను. ఆ పేరు మాత్రము రాలేదు. మూడవరాత్రి అతడు విసిగి, “ఇక రాడు తాతయ్యా. వచ్చినను వేఱుపేరుతో వచ్చును. ఈ గదిలో ఎవరెప్పుడు పేరు మార్చుకొన్నను అడ్డులేదు. వాడే యని నేనెట్లు గుర్తింతును?” అనెను.

“గుర్తింపలేవు. కావున వచ్చిన ప్రతివాడును వాడే కావచ్చును,” అని వృద్ధుడు బదులు చెప్పెను.

మనుమడు ఏమియు పలుకలేదు.

సెలవులలో కడపటి రాత్రి వచ్చెను. గదిలో పదుగురు గంభీరమైన చర్చలో మునిగియుండగా, క్రొత్తపేరు గలవా రొకరు మెల్లగ ప్రవేశించి, ఒక ఫైలునకు పేరు మార్చుట ఎట్లని యడిగిరి. ఆ ప్రశ్న మిక్కిలి చిన్నది. చర్చలో నున్నవారు దానిని గమనింపలేదు. మనుమడు చర్చను వదలి ఆ ప్రశ్నను చేపట్టెను. ఆజ్ఞ యేదో చెప్పెను. ఆ యాజ్ఞలో పాతపేరు ముందును క్రొత్తపేరు వెనుకను ఉండవలెనని వివరించెను. క్రొత్తపేరు గల ఫైలు అచ్చట ముందే యున్నచో అది చెఱిగిపోవచ్చునని హెచ్చరించెను. ఎదుటివారు ఒక అక్షరము తప్పు వ్రాసి, పని జరుగలేదని చెప్పిరి. అతడు మఱల మొదటినుండి, ఈమాఱు మఱింత నిదానముగ, ఒక్కొక్క పంక్తిలో ఒక్కొక్క మెట్టుగ వ్రాసెను. ప్రక్కన కూర్చున్న వృద్ధునికి ఆంగ్లము వచ్చును గాని ఆ యాజ్ఞలు తెలియవు. ఐనను ఆయన మనుమని వ్రేళ్ల చప్పుడు వినుచుండెను. మొదటి రాత్రులలో ఆ చప్పుడు వానచినుకులవలె ఎడతెగక వినబడెడిది. ఇప్పుడు మాటకు మాటకు నడుమ విరామముండెను.

చివరి పంక్తి వ్రాసి, మనుమడు దాని కొనను కుండలీకరణములలో ‘ఓ’ అను అక్షరము నుంచి పంపెను.

ఆ గుర్తేమని ఆవలివారు అడిగిరి.

అది పూర్వులయొక్క మర్యాద యనియు, ఇక నీ వంతు అని దాని యర్థమనియు అతడు వ్రాసెను. తెరపై కర్సరు ఆరుచు వెలుగుచు నుండెను. తాతయు మనుమడును బదులుకొఱకు వేచియుండిరి.